ఫైటర్ చేపకి హీటరు కన్నా ముందు కావలసింది ఎక్కువ నీళ్ళు

"మన ఎండలకి చేపకి హీటరెందుకండీ?" ఫైటర్ చేప కొనేవాళ్ళు దుకాణంలో అడిగే ప్రశ్న ఇది. అక్కర్లేదండీ అంటాడు దుకాణదారు, అని రెండు లీటర్ల గాజు బౌలు చేతిలో పెడతాడు. అక్కర్లేదన్న మాటలో సగం నిజముంది. ఆ బౌలు చేతిలో పెట్టాక ఆ సగం కూడా మిగలదు.

ఏడాది సగటు తీస్తే మన ఊళ్ళ వేడి బెట్టాకి (ఫైటర్ చేప అసలు పేరు అదే) బాగానే సరిపోతుంది. కానీ చేప బతకవలసింది సగటులో కాదు కదా. డిసెంబరు తెల్లవారుజామున బతకాలి, మే నెల మధ్యాహ్నం మూడింటికి బతకాలి, రాత్రంతా ఏసీ నడిచి పొద్దున ఆపేసిన గదిలో బతకాలి. నేను చెప్పదలచింది ఒకటే: బెట్టాకి పనికొచ్చే ఉష్ణోగ్రతల పట్టీ వెడల్పుగానే ఉంది, అందులో ఏదో ఒక చోట నిలకడగా ఉండటం ముఖ్యం. ఆ నిలకడ ముందు నీళ్ళ పరిమాణంతో వస్తుంది. హీటరు, ఫ్యాను, కంట్రోలరు దాని తర్వాతే.

మనం ఇళ్ళలో పెంచే బెట్టా స్ప్లెండెన్స్ సొంత ఊరు థాయ్‌లాండ్. అక్కడి వరిమళ్ళు, బురద గుంటలు, కాలువల్లో నిదానంగా పారే నీళ్ళు దాని ఇల్లు. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. బ్యాంకాక్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల కనిష్ఠం కూడా సగటున 20 డిగ్రీల పైనే ఉంటుంది. హైదరాబాదులో అదే డిసెంబరు రాత్రి 15 దరిదాపుల్లో ఉంటుంది, ఆదిలాబాదులో 10 లోపుకి దిగే రోజులు ఉంటాయి, లంబసింగి, అరకు వైపు సంగతి చెప్పనక్కర్లేదు. ట్యాంకు నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే ఈ చేప హాయిగా ఉంటుంది. 22 కన్నా దిగితే మందగిస్తుంది. 30 దాటితే ఓర్చుకుంటుంది, అంతే.

మందగించడమంటే ఏమిటో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చేపకి సొంత ఒంటివేడి లేదు, నీళ్ళు ఎంత ఉంటే ఒళ్ళూ అంతే. నీళ్ళు 20కి దిగితే లోపల అరుగుదల బాగా మందగిస్తుంది. పొద్దున వేసిన నాలుగు గుళికలు సాయంత్రానికీ కడుపులోనే ఉంటాయి, పొట్ట ఉబ్బుతుంది. విసనకర్రలా విచ్చుకోవలసిన రెక్కలు ఒంటికి అంటుకుపోతాయి. చేప అడుగున ఒక మూలకి ఆనుకుని, గాలి పీల్చడానికి మాత్రం పైకొచ్చి మళ్ళీ దిగిపోతుంది. "పాపం, ఏమీ తినట్లేదు" అని ఇంకాస్త మేత వేస్తారు చాలామంది, ఆ మేత కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. 22 లోపు ఉన్నప్పుడు మేత ఆపాలి, నీళ్ళు 25కి వచ్చాక మొదలుపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగు రోజులు తినకపోతే ఏమీ కాదు.

వేడి చేసే చెరుపు వేరే రకం. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టేది, 30 దగ్గర ఏడున్నరే పడుతుంది. బెట్టా పైగాలి పీల్చుకోగలదు కాబట్టి ఆ లోటుని మిగతా చేపల కన్నా తట్టుకుంటుంది. కానీ ఫిల్టరు స్పాంజిలో ఉండి, చేప మలం, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాని విరిచే బాక్టీరియాకి ఆ సదుపాయం లేదు. పైగా ఆ అమ్మోనియా కూడా వేడిలో ఎక్కువ విషమవుతుంది. పీహెచ్ 8 ఉన్న నీళ్ళలో (మన బోరు నీళ్ళు చాలా చోట్ల అంతే ఉంటాయి) 20 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది నూటికి 4 వంతుల లోపు, 30 దగ్గర ఏడున్నర వంతులు. అంటే మీరు వేసే మేత అదే, నీళ్ళు మార్చే లెక్క అదే, వేసవిలో మాత్రం చేప మీద పడే విషం దాదాపు రెట్టింపు. ఎండాకాలం "కారణం లేకుండా" చచ్చిపోయే ఫైటర్లలో చాలావాటికి కారణం ఇక్కడుంది.

ఇక పరిమాణం సంగతి. ఒక లీటరు నీళ్ళని ఒక డిగ్రీ మార్చడానికి పట్టే వేడి సుమారు 1.16 వాట్-గంటలు. రెండు లీటర్ల బౌలుకి అది రెండు పైచిలుకు, 20 లీటర్ల ట్యాంకుకి 23. పైగా బౌలులో నీళ్ళు తక్కువ, గాలికి తగిలే ఒళ్ళు ఎక్కువ, మూత ఉండదు. గది 19 డిగ్రీలు, నీళ్ళు 26 ఉన్నప్పుడు రెండు గంటలు కరెంటు పోయిందనుకోండి. మూత ఉన్న 20 లీటర్ల ట్యాంకు సుమారు ఒకటిన్నర డిగ్రీ దిగుతుంది, బౌలు దానికి రెట్టింపు పైగా.

ఇంకా గట్టి లెక్క ఐసు సీసాది. వేసవిలో అందరూ ఇచ్చే సలహా: అర లీటరు నీళ్ళ సీసాని ఫ్రీజర్లో గడ్డ కట్టించి ట్యాంకులో తేలేసేయండి. 32 డిగ్రీలున్న 20 లీటర్ల ట్యాంకులో ఆ సీసా పూర్తిగా కరిగేసరికి నీళ్ళు 29 దగ్గరికి వస్తాయి. బాగానే ఉంది. అదే సీసాని 5 లీటర్ల బౌలులో వేస్తే నీళ్ళు 22కి పడిపోతాయి, పది డిగ్రీల దెబ్బ. సలహా మారలేదు, సీసా మారలేదు, ఒక చోట మందైనది ఇంకో చోట చేపని చంపుతుంది. అందుకే 15 లీటర్ల లోపు ట్యాంకుకి ఉష్ణోగ్రత సలహాలు అడిగేవాళ్ళకి నా జవాబు ముందు ట్యాంకు మార్చమనే. 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు ఉన్న గాజు ట్యాంకులో 20 లీటర్ల పైనే పడతాయి, అతుకుపెట్టే మామూలు పనివాడు కూడా చేసిపెడతాడు. ఈ సైజు బెట్టాకి ఎక్కువ కాదు.

దీనికి రెండు ఎదురు మాటలు వస్తాయి, రెండూ కొట్టిపారేసేవి కావు. మొదటిది: థాయ్‌లాండ్ నాఖోన్ పథోమ్ ప్రాంతపు ఫారాల్లో వేలకి వేలు చేపల్ని చిన్న సీసాల్లోనే పెంచుతారు కదా? పెంచుతారు. మగవాటిని కలిపి ఉంచితే కొట్టుకుంటాయి గనక అమ్మేదాకా విడివిడిగా ఉంచుతారు. ఆ సీసాలు ఉన్నది ఆ చేప పుట్టిన వాతావరణంలో. నీళ్ళు మార్చడమే అక్కడ రోజువారీ పని, పోసే నీళ్ళు కూడా అదే షెడ్డులో నిలవున్నవి. ఆ సీసాని తెచ్చి మాదాపూర్‌లో ఏసీ గదిలో పెట్టి, వారానికోసారి కుళాయి నీళ్ళు పోస్తే అది ఫారం పద్ధతి అవదు. రెండోది: వరిమడిలో మధ్యాహ్నం నీళ్ళు కాగిపోతాయి, రాత్రి చల్లబడతాయి, అక్కడ బతకట్లేదా? బతుకుతుంది, ఎందుకంటే గడ్డి నీడకో, లోతు ఉన్న చోటుకో తప్పుకుంటుంది. బౌలులో పైనా కిందా ఒకటే వేడి, తప్పుకోవడానికి చోటు లేదు.

చలికాలానికి హీటరు కావాలి, అందులో అనుమానం లేదు. ఎన్ని వాట్లు అన్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. పెద్దది కొంటే త్వరగా వేడెక్కుతుంది, మంచిదే కదా అనుకుంటారు. మూత ఉన్న 20 లీటర్ల ట్యాంకుని 25 వాట్ల హీటరు గది కన్నా 7, 8 డిగ్రీలు పైన నిలబెట్టగలదు. హైదరాబాదు, వరంగల్, కర్నూలు ఇళ్ళలో చలికాలం గది 18, 19 కన్నా దిగడం అరుదు, కాబట్టి ఆ 25 చాలు. ఆదిలాబాదు, అరకు లాంటి చోట్ల 50 తీసుకోవాలి. కోస్తాలో ఒంగోలు, నెల్లూరు వైపు చాలా ఇళ్ళకి డిసెంబరు, జనవరి రెండు నెలలే హీటరుతో పని.

చిన్న హీటరు ఎందుకు మేలంటే, హీటర్లు ఎలా చెడిపోతాయో చూడాలి. గాజు గొట్టం హీటర్లలో లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది, వేడికి వంగి కరెంటు తెంచుతుంది, చల్లబడితే కలుపుతుంది. కలిసిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ. కొన్నాళ్ళకి ఆ కొనలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక హీటరు ఆగదు. అలా అతుక్కున్న 100 వాట్ల హీటరు 20 లీటర్లని మొదట్లో గంటకి 4 డిగ్రీల చొప్పున వేడెక్కిస్తుంది. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏమీ మిగలదు. 25 వాట్లది అలాగే అతుక్కుంటే గంటకి ఒక డిగ్రీ ఎక్కుతుంది, గది 20 ఉంటే 28 దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. చేప బతికే ఉంటుంది, థర్మామీటరు చూసి మీరు కనిపెడతారు. ఇదే లెక్క ప్రకారం గది 31 ఉన్న ఏప్రిల్లో ఆ చిన్న హీటరు కూడా ప్రమాదమే. మార్చి దాటాక డయల్ తిప్పి ఊరుకోకుండా ప్లగ్గు తీసి కడిగి దాచేయండి.

ఆన్‌లైన్లో మూడు నాలుగు వందలకి దొరికే చిన్న బిళ్ళ లాంటి హీటర్లలో చాలావాటికి వేడి చూసి కరెంటు తెంచే థర్మోస్టాట్ అసలు ఉండదు. గది ఎంత ఉంటే దానికి నాలుగైదు డిగ్రీలు కలుపుతాయి, పగలు పైకి, రాత్రి కిందికి గదితో పాటే ఊగుతాయి. నేనైతే వాటి జోలికి వెళ్ళను.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన హీటరు గురించి కూడా ఒక మాట. అక్కడి 120 వోల్టుల 50 వాట్ల హీటరుని మన 230 వోల్టులకి పెడితే అది 180 వాట్ల పైన లాగుతుంది, పేలకపోతే అదృష్టం. ఇక్కడిది అక్కడికి పట్టుకెళ్తే 14 వాట్లకి పడిపోయి నీళ్ళు వెచ్చబడవు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లంతా 20 డిగ్రీల దగ్గర పెట్టుకునేవాళ్ళకి ఏడాదిలో ఎక్కువ భాగం హీటరు తప్పదు, అది అక్కడే కొనుక్కోవడం మంచిది.

హీటరుని అడుగుకి దగ్గరగా అడ్డంగా, ఫిల్టరు నీళ్ళు తగిలే చోట పెట్టాలి. నిలబెడితే పైన వేడి, కింద చలి మిగులుతాయి. నీళ్ళు మార్చే ముందు స్విచ్ ఆపి పావుగంట ఆగాలి. వేడి గొట్టం గాలిలోకి వచ్చి, దాని మీద చల్లనీళ్ళు పడితే గాజు పగులుతుంది, పగిలిన హీటరున్న ట్యాంకులో చెయ్యి పెడితే షాకే. వైరు సాకెట్టుకి వెళ్ళే ముందు ఒకసారి సాకెట్టు కన్నా కిందికి వేలాడి పైకెళ్ళేలా చూడండి, వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచే స్విచ్) లేకపోతే ట్యాంకు పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

డబ్బు పెట్టగలిగితే హీటరు కన్నా ఎక్కువ మేలు చేసేది విడి కంట్రోలరు. కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకి వాడే ఎస్‌టీసీ-1000 మన ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరుకుతుంది. దానికి రెండు దారులుంటాయి, ఒకదానికి హీటరు, రెండోదానికి ఫ్యాను. దాని సెట్టింగుల్లో ఎఫ్1లో (కావలసిన వేడి) 27, ఎఫ్2లో (ఎంత తేడా వస్తే కదలాలి అన్నది) 1 పెడితే నీళ్ళు 26కి దిగినప్పుడు హీటరు మొదలై 27 దగ్గర ఆగుతుంది, 28కి ఎక్కినప్పుడు ఫ్యాను మొదలై 27 దగ్గర ఆగుతుంది. హీటరు సొంత డయల్‌ని 29 దగ్గర ఉంచితే రెండు తాళాలు వేసినట్టు: కంట్రోలరు లోపలి స్విచ్ (రిలే) అతుక్కున్నా హీటరు తనంతట ఆగుతుంది. దీనికీ ఒక లోపముంది. కొలిచే ప్రోబు నీళ్ళలోంచి జారి బయట పడితే అది గది గాలిని కొలుస్తుంది, చలిగా ఉంది కదా అని హీటరుని నడుపుతూనే ఉంటుంది. ప్రోబుని రెండు రబ్బరు కప్పులతో, నీళ్ళు మార్చేటప్పుడు కూడా మునిగే ఎత్తులో బిగించాలి.

థర్మామీటరు ఏదైనా సరే, కొన్న రోజే పరీక్షించండి. గ్లాసు నిండా చిదిపిన ఐసు వేసి, కాసిని నీళ్ళు పోసి, కలిపి, అందులో పెడితే సున్నా చూపాలి. ఒకటి తేడా చూపిస్తే ఆ ఒకటి గుర్తుంచుకోండి (ఎస్‌టీసీలో అయితే ఎఫ్4లో సరిదిద్దవచ్చు). గాజుకి బయట అంటించే రంగుల పట్టీ చూపేది గాజు వేడి, నీళ్ళది కాదు. చలికాలం రాత్రి ఒకటి రెండు డిగ్రీలు తక్కువే చూపిస్తుంది.

వేసవికి 26 కోసం పట్టుబట్టడం దండగ అని నా గట్టి అభిప్రాయం. గది 34 ఉన్నప్పుడు మధ్యాహ్నం ఐసుతో 26కి దించి, సాయంత్రానికి మళ్ళీ 31కి వదిలేయడం కన్నా రోజంతా 29 దగ్గర ఉండనివ్వడం చేపకి చాలా నయం. రోజులో రెండు డిగ్రీల కన్నా తేడా రాకుండా చూసుకుంటే చాలు. కాబట్టి చలికాలానికి గురి 25, 26, ఎండాకాలానికి 28, 29. కంట్రోలరు ఉంటే ఎఫ్1ని కూడా కాలంతో పాటు మార్చాలి, ఏప్రిల్లో 28కి పెంచండి.

చల్లబరిచే పనిలో ఐసు కన్నా ఫ్యాను వెయ్యి రెట్లు నయం. నీళ్ళు ఆవిరవుతూ వేడిని పట్టుకెళ్తాయి: 20 లీటర్ల ట్యాంకులో వంద మిల్లీలీటర్లు ఆవిరైతే దాదాపు 3 డిగ్రీల వేడి పోయినట్టు. అటునుంచి గది మళ్ళీ వేడెక్కిస్తూనే ఉంటుంది కాబట్టి చివరికి మిగిలేది రెండు మూడు డిగ్రీలు. పాత కంప్యూటర్ క్యాబినెట్ ఫ్యానుని 12 వోల్టుల అడాప్టరుకి కలిపి, నీళ్ళ మీదుగా ఏటవాలుగా గాలి తగిలేలా బిగిస్తే సరిపోతుంది. మూత తీసి దోమతెర జాలీ కట్టాలి, బెట్టా ఎగిరి బయట పడుతుంది. రామగుండం, కర్నూలు లాంటి పొడి ఎండల్లో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. విశాఖ, మచిలీపట్నంలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది, సగం కూడా దిగదు. ఎయిర్ కూలర్ నడిచే గదిలోనూ అంతే. అక్కడ నీళ్ళ పరిమాణం, నీడ, మేత తగ్గించడం, వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా నీళ్ళు మార్చడం, ఇవే దారి. ఫ్యాను పెట్టాక రోజుకి అర లీటరు దాకా తగ్గొచ్చు. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు ట్యాంకులోనే మిగులుతాయి. బోరు నీళ్ళే పోస్తూ పోతే గట్టిదనం పెరుగుతూ పోతుంది కాబట్టి ఆ లోటు వరకు ఆర్వో నీళ్ళు పోయాలి.

ట్యాంకు ఎక్కడ పెట్టారన్నది ఖర్చు లేని వైద్యం. పడమటి గోడకి ఆనించొద్దు, సాయంత్రం ఆరు దాటినా ఆ గోడ వేడి కక్కుతూనే ఉంటుంది. పై అంతస్తులో స్లాబుకి దగ్గరగా అటక మీద పెట్టొద్దు. గ్రానైటు బల్ల మీద నేరుగా పెడితే చలికాలం అడుగునుంచి వేడి లాగేస్తుంది, అంగుళం మందం థర్మకోల్ పరవండి. వెనకా పక్కలా కూడా అదే అంటిస్తే చలికీ ఎండకీ రెండింటికీ అడ్డు. ఏసీ పడగ్గది కన్నా హాలు మేలు. రాత్రి 23, పగలు 34 అయ్యే గదిలో ఏ పరికరమైనా అలసిపోతుంది.

నీళ్ళు మార్చేటప్పుడే అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగులుతుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మేడ మీద నల్ల సింటెక్స్ ట్యాంకులో మే మధ్యాహ్నం నీళ్ళు 40 దాటి ఉంటాయి. 20 లీటర్లలో 5 తీసి ఆ నీళ్ళు 5 పోస్తే 28 ఉన్న ట్యాంకు ఒక్కసారి 31 అవుతుంది. జనవరి పొద్దున్న 16 ఉన్న నీళ్ళు పోస్తే 26 ఉన్నది 23న్నరకి పడుతుంది. నిమిషంలో రెండున్నర, మూడు డిగ్రీలు. ముందు రోజు రాత్రే బకెట్టులో పట్టి, క్లోరిన్ విరిచే మందు వేసి, ట్యాంకు పక్కనే ఉంచితే సగం తేడా తీరుతుంది. చలికాలం మిగిలిన సగానికి కెటిల్ ఉంది: 18 డిగ్రీల నీళ్ళు నాలుగున్నర లీటర్లలో మరుగుతున్న నీళ్ళు అర లీటరు కలిపితే 26 అవుతుంది. థర్మామీటరుతో చూసి, ఒక డిగ్రీ లోపు తేడా ఉంటేనే, చిన్న మగ్గుతో మెల్లగా పోయండి.

ఆ దెబ్బ తిన్న రెండు మూడు రోజులకి ఒంటి మీద ఉప్పు రాళ్ళు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది ఇక్ పరాన్నజీవి. దీనికి మందుతో పాటు నీళ్ళని గంటకి ఒక డిగ్రీ మించకుండా పెంచుతూ 30కి తీసుకెళ్తారు. వేడికి దాని జీవితచక్రం త్వరగా తిరిగి, మందుకి లొంగే దశ తొందరగా వస్తుంది. కానీ తెల్లగా కనిపించిందల్లా ఇక్ కాదు. మూతి దగ్గర దూది అంటుకున్నట్టు, లేదా వీపు మీద జీను వేసినట్టు బూడిదరంగు మచ్చ పడితే అది కాలమ్నారిస్ బాక్టీరియా. దానికి వేడంటే పండగ. ఇక్ అనుకుని హీటరు పెంచితే ఒక రాత్రిలో చేప పోవచ్చు. చుక్కలా, మచ్చా అన్నది టార్చి వేసి పక్కనుంచి చూడండి. చుక్కలైతే విడివిడిగా, ఒక్కొక్కటి గుండ్రంగా ఉంటాయి. మచ్చ అయితే అంచులు కలిసిపోయి పాకుతున్నట్టుంటుంది. అనుమానంగా ఉంటే హీటరు ముట్టుకోకుండా పావు వంతు నీళ్ళు సమాన వేడితో మార్చి, అక్వేరియం మందులు తెలిసినవాళ్ళకి ఫోటో చూపించండి.

చలికాలం రాత్రి కరెంటు పోతే మూత బిగించి, ట్యాంకు చుట్టూ దుప్పటి చుట్టండి, మూత మీద గాలి ఆడే సందు వదలండి, మేత వేయొద్దు. నాలుగు గంటలు దాటితే 40 డిగ్రీల నీళ్ళు నింపిన లీటరు సీసా ఒకటి తేలేయండి, చల్లారాక మార్చండి. కరెంటు వచ్చాక హీటరు తనంతట తాను మెల్లగానే పైకి తెస్తుంది, 25 వాట్లకి డిగ్రీకి గంట పైనే పడుతుంది. తొందరపెట్టి వేడి నీళ్ళు కుమ్మరించకండి.